లైన్ క్లియర్ అడిగేది ఎవరు? దూరపు కంప్యూటరుకు పని చెప్పిన కథ

పోయిన నెల మన ఆఫీసులో జరిగిన ఒక చిన్న సంగతి వల్ల ఇది రాస్తున్నాను. పోస్టు పొడవు, కాఫీ పెట్టుకొని కూర్చోండి. నేను బళ్లో చదివింది అరవం. తెలుగు అక్షరాలు యాభై దాటినాక మన ఆదివారం క్లాసులో నేర్చుకున్నవి. తప్పులుంటే పెద్దలు దిద్దండి, విషయం మటుకు వదలొద్దండి.

మన పెళ్లి సంబంధాల రిజిస్టరు ఇప్పుడు పుస్తకంలో లేదని మీకందరికీ తెలుసు. అద్దెకు తీసుకున్న ఒక కంప్యూటర్లో, ఎక్కడో దూరాన వుంది. రోజూ రాత్రి దాని కాపీ ఒకటి మన ఆఫీసు కంప్యూటరుకు రావాల. ఆ పనికి మన సభ్యుడొకరి మనవడు, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం పిల్లోడు, సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాసినాడు. "తాతా, ఇక్కడ దీన్ని నడిపితే, అక్కడ ఆ కంప్యూటర్లో కమాండ్ నడుస్తుంది, జవాబు ఇక్కడికి వస్తుంది" అని తెర మీద చూపించినాడు. నాకు సంతోషమైంది. తర్వాత ఐదో వరస చూసినాను. అక్కడ మన పాస్‌వర్డ్ పచ్చిగా రాసి వుంది.

ఆ పాస్‌వర్డ్ నాకు బాగా తెలుసు. ఆరేళ్ల ముందు పెట్టింది నేనే. చీటీ మీద రాసి బీరువా తలుపు లోపల అంటించింది కూడా నేనే.

"ఇట్లా రాయొచ్చా నాయనా?" అని అడిగితే, "ఇంకెట్లా తాతా? అడిగేది ఎవరో ఆ కంప్యూటరుకు తెలియాల గదా" అన్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనీయలేదు. పిల్లోడు ఇచ్చిన పుస్తకాలు, నెట్‌లో దొరికినవి కొన్ని వారాలు చదివినాను. చదివితే తెలిసిందేమంటే, ఇదే ప్రశ్న మీద యాభై ఏళ్లకు పైగా పెద్ద పెద్దోళ్లు తప్పులు చేసి దిద్దుకుంటూ వచ్చినారు. ఆ కథ చెప్తాను.

ముందు మన రైల్వే సంగతి ఒకటి. స్టేషను మాస్టరు పక్క స్టేషనుకు ఫోను చేసి బండి పంపడానికి లైన్ క్లియర్ అడుగుతాడు. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా ఒకరి గొంతు ఒకరు ఎరిగినోళ్లే కావచ్చు. అయినా గొంతు మీద నమ్మకం పెట్టకూడదు. ముఖ్యమైన మాటకు ప్రైవేట్ నెంబరు చెప్పాల. స్టేషన్లో ఆ నెంబర్ల షీటు వుంటుంది. ఒక నెంబరు ఒకసారి చెబితే దాన్ని కొట్టేయాల, రిజిస్టర్లో రాయాల. నేను గుమాస్తాను, బండ్లు నడిపినోణ్ని కాదు. కానీ ఆ రిజిస్టర్లు చూసినాను. ఏదైనా తేడా వస్తే, ఎవరు ఎప్పుడు ఏ మాట ఇచ్చినారో ఆ నెంబరే చెబుతుంది. ఇది మనసులో పెట్టుకొని తక్కింది చదవండి.

1969 అక్టోబరు 29 రాత్రి. అమెరికాలో లాస్ ఏంజిలిస్ యూనివర్సిటీలో లియొనార్డ్ క్లైన్‌రాక్ గారి దగ్గర చదివే చార్లీ క్లైన్ అనే కుర్రోడు, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో వున్న కంప్యూటర్లోకి పోవడానికి ప్రయత్నం చేసినాడు. అదే అర్పానెట్ మీద మొదటి సందేశం. "లాగిన్" అనే మాటలో ఒక్కొక్క అక్షరం కొడుతూ, అవతల వున్న బిల్ డువాల్‌ను ఫోనులో "వచ్చిందా?" అని అడుగుతూ పోయినాడు. రెండక్షరాలు పోయినాక అవతలి యంత్రం పడిపోయింది. ఒక గంట తర్వాత సరిచేసుకొని మళ్లీ ప్రయత్నిస్తే కుదిరింది. గమనించండి. ఇంటర్నెట్టుకు మూలమైన ఆ లైను మీద మొదట చేయబోయిన పని జాబు పంపడం కాదు, దూరంగా వున్న యంత్రం లోపలికి పోవడం.

అప్పట్లో కంప్యూటర్ అంటే ఒక హాలు నిండా వుండే ఖరీదైన వస్తువు. ప్రతి యూనివర్సిటీకి ఒకటి కొనలేరు. అందుకని ఒకచోట కూర్చొని ఇంకొకచోటి యంత్రాన్ని వాడుకోవాలని కోరిక. టెల్‌నెట్ అనే పద్ధతి మొదలైంది ఆ 1969లోనే. మనిషి ఇక్కడ కూర్చొని కొడితే అక్కడ కొట్టినట్టు వుంటుంది. 1971లో పెద్ద ఐబీఎం యంత్రానికి దూరం నుంచి పని అప్పజెప్పి ఫలితం తెప్పించుకునే నెట్‌ఆర్‌జేఎస్ అనే పద్ధతి రాసినారు.

అయితే ఇవన్నీ మనిషి కూర్చొని చేసే పనులు. ప్రోగ్రామే తనంతట తాను దూరపు యంత్రానికి పని చెప్పాలంటే? 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీ భాష తయారు చేసినాడు. 1973లో కెన్ థాంప్సన్, రిచీ కలిసి యూనిక్స్‌ను ఆ భాషలోనే తిరగరాసినారు. సీ ప్రోగ్రాం నుంచి తన యంత్రంలోనే ఇంకో కమాండ్ నడపడం సులభం. సిస్టమ్ అనే ఫంక్షన్‌కు కమాండ్ ఇస్తే చాలు. జవాబు చదువుకోవాలంటే పీఓపెన్ అని ఇంకొకటి వుంది. పక్క యంత్రంలో నడపాలంటే మాత్రం దారి లేదు.

దారి వేసింది కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీ వాళ్లు. 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ విడుదల చేసినారు. దాని వెనక బిల్ జాయ్, శామ్ లెఫ్లర్ వంటి వాళ్ల కష్టం వుంది. అందులో సాకెట్లు వచ్చినాయి. సీ ప్రోగ్రాం నెట్‌వర్కు మీద మాట్లాడే తలుపులు అవి. వాటితోబాటు రెండు ఫంక్షన్లు కూడా వచ్చినాయి: ఆర్‌ఎగ్జెక్, ఆర్‌సీఎండీ. మన పిల్లోడి ప్రోగ్రాముకు ముత్తాతలు ఇవే.

ఆర్‌ఎగ్జెక్ చేసే పని సూటిగా వుంటుంది. దూరపు యంత్రం పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్, నడపాల్సిన కమాండ్ ఇస్తే, అవతలి వైపు 512 నెంబరు తలుపు దగ్గర కూర్చొన్న సర్వరు పాస్‌వర్డ్ చూసుకొని కమాండ్ నడిపిస్తుంది. లోపం యేమంటే పాస్‌వర్డ్ తీగ మీద పచ్చిగా పోతుంది. దారిలో చెవి పెట్టినోడికి వినపడుతుంది. ఇంకొకటి, ప్రోగ్రాం పేరూ పాస్‌వర్డూ ఇవ్వకపోతే, ఆర్‌ఎగ్జెక్ ఇంటి ఫోల్డర్లో డాట్ నెట్‌ఆర్‌సీ అనే ఫైలు వెతికి అందులో రాసిపెట్టిన పాస్‌వర్డ్ తీసుకుంటుంది. అది చదివినప్పుడు నాకు మన బీరువా తలుపు గుర్తొచ్చింది.

ఆర్‌సీఎండీ ఇంకో దారి. దీన్ని వాడుకునే కమాండే ఆర్‌ఎస్‌హెచ్, అంటే రిమోట్ షెల్. ఇక్కడ పాస్‌వర్డే అడగరు. అవతలి యంత్రంలో హోస్ట్స్ డాట్ ఈక్వివ్ అనే ఫైల్లో నమ్మదగిన యంత్రాల పేర్లు రాసి వుంటాయి. ప్రతి మనిషీ తన ఇంటి ఫోల్డర్లో డాట్ ఆర్‌హోస్ట్స్ అనే ఫైలు పెట్టుకొని తనకు నమ్మకమైన వాళ్లను రాసుకోవచ్చు. అడిగే యంత్రం ఆ పట్టీలో వుంటే, "నేను ఫలానా యూజర్ని" అని అది చెప్పిన మాటను నమ్మేస్తుంది. తన పేరు, అక్కడి పేరు, కమాండ్, ఈ మూడూ వరసగా పంపుతారు. సరే అంటే ఒక సున్నా బైటు తిరిగొస్తుంది, ఆ వెనకే జవాబు.

మరి దొంగ వచ్చి "నేనే" అంటే? దానికి వాళ్లు ఒక ఉపాయం పెట్టినారు. యూనిక్స్‌లో 1024 కంటే తక్కువ నెంబరు తలుపులు తెరిచే అధికారం రూట్‌కు, అంటే యంత్రం పెద్దకు మాత్రమే వుంటుంది. ఆర్‌సీఎండీ అట్లాంటి తలుపు నుంచే మాట్లాడాల. సర్వరు, వచ్చిన నెంబరు చూసి, "ఇది పెద్దాయన అనుమతితో వచ్చిన మాట" అని నమ్ముతుంది.

1983లో ఆలోచిస్తే ఇది తప్పేమీ కాదు. యంత్రాలు కొన్నే. ప్రతిదానికీ ఒక బాధ్యత గల పెద్ద వుండేవాడు. ఒక పెద్దకు ఇంకొక పెద్ద తెలుసు. మన సంఘం మొదట్లో నలభై కుటుంబాలుగా వున్నప్పటి మాదిరి అన్నమాట. కానీ తర్వాత మేజా మీద పెట్టుకునే కంప్యూటర్లు వచ్చినాయి. ఎవరి యంత్రానికి వాళ్లే పెద్ద. తక్కువ నెంబరు తలుపు తెరవడం ఎవరికైనా చేతనైంది. రూలు అట్లాగే వుంది, రూలు కింద వున్న నేల కదిలిపోయింది.

ఈ లోపం ముందే చూసినోడు ఒకడున్నాడు. రాబర్ట్ టి. మారిస్ అనే కుర్రోడు 1985లో బెల్ ల్యాబ్స్‌లో ఒక రిపోర్టు రాసినాడు. 4.2 బీఎస్‌డీలో సంభాషణకు ఇచ్చే వరస నెంబర్లను ముందుగా ఊహించవచ్చు, ఊహిస్తే ఒక యంత్రం ఇంకొక యంత్రం మాదిరి నటించి నమ్మించవచ్చు అని అందులో చెప్పినాడు. ప్రైవేట్ నెంబర్లు 11, 12, 13 అని వరసగా వస్తే యెట్లా వుంటుందో అట్లా అనుకోండి.

అదే కుర్రోడు 1988 నవంబరు 2న ఇంకో పని చేసినాడు. అప్పుడు కార్నెల్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. ఒక సీ ప్రోగ్రాం రాసి నెట్‌వర్కులోకి వదిలినాడు. దాన్నే మారిస్ వార్మ్ అంటారు. అది దూరపు కంప్యూటర్లో కమాండ్ నడపడం అనే ఒక్క పనినే మళ్లీ మళ్లీ చేసే ప్రోగ్రాం. సెండ్‌మెయిల్, ఫింగర్ సర్వర్లలో లోపాలు వాడింది. సుమారు 400 మాటల పట్టీతో పాస్‌వర్డులు ఊహించింది. దొరికిన పాస్‌వర్డుతో ఆర్‌ఎగ్జెక్ ద్వారా పక్క యంత్రంలోకి పోయింది. పాస్‌వర్డ్ అవసరం లేని చోట ఆర్‌ఎస్‌హెచ్ ద్వారా పోయింది. అప్పట్లో నెట్‌వర్కులో వున్న సుమారు 60,000 యంత్రాల్లో 6,000 దాకా పట్టుకుందని అంచనా. ఒకే యంత్రంలోకి పదే పదే దూరడంతో యంత్రాలు నడవలేక కూలబడినాయి. 1990లో కోర్టు అతనికి మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా వేసింది. తర్వాత అతను ఎంఐటీలో ప్రొఫెసర్ అయినాడు. ఈ వార్మ్ దెబ్బ తర్వాతే ఇట్లాంటి ప్రమాదాలు చూసుకోవడానికి కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సర్ట్ అనే కేంద్రం పెట్టినారు.

అతని నాన్న పేరు కూడా రాబర్ట్ మారిస్సే. ఆయన కెన్ థాంప్సన్‌తో కలిసి 1979లో పాస్‌వర్డుల భద్రత మీద పేరున్న వ్యాసం రాసినాడు. జనం సులభమైన మాటలే పాస్‌వర్డుగా పెట్టుకుంటారని నాన్న లెక్క తీసి చూపించినాడు. తొమ్మిదేళ్ల తర్వాత కొడుకు ప్రోగ్రాం అదే బలహీనతను వాడుకుంది.

అప్పుడైనా మారినారా? లేదు. 1985 రిపోర్టులో చెప్పిన ఉపాయాన్నే 1994 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, సుటోము షిమొమూరా అనే శాస్త్రవేత్త యంత్రాల మీద వాడినారు. నమ్మకస్తుల పట్టీలో వున్న యంత్రం మాదిరి నటించి, ఆర్‌ఎస్‌హెచ్ ద్వారా ఒకే ఒక కమాండ్ నడిపినారు. డాట్ ఆర్‌హోస్ట్స్ ఫైలు చివర రెండు ప్లస్ గుర్తులు చేర్చడం, అంతే. వాటికి అర్థం ఏ యంత్రం నుంచైనా సరే, ఎవరైనా సరే, రానిమ్మని. ఆ వెతుకులాట 1995 ఫిబ్రవరిలో కెవిన్ మిట్నిక్ అరెస్టుతో ముగిసింది.

అదే 1995లో ఫిన్లాండులో ఇంకొక దొంగతనం జరిగింది. హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్కులో ఎవరో చెవి పెట్టి పాస్‌వర్డులు ఎత్తుకుపోయినారు. అక్కడ పనిచేసే టాటు యులోనెన్ కూర్చొని ఎస్‌ఎస్‌హెచ్ రాసినాడు. సెక్యూర్ షెల్ అని అర్థం. జూలైలో ఉచితంగా ఇచ్చినాడు. ఆ సంవత్సరం ఆఖరుకు 50 దేశాల్లో 20,000 మంది వాడుతున్నారు. దానికి 22 నెంబరు తలుపు అడిగి తీసుకున్నాడు. 21 ఎఫ్‌టీపీది, 23 టెల్‌నెట్‌ది. రెండింటి చోటూ తీసుకోబోయేది సరిగ్గా మధ్యలో కూర్చొంది. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తెచ్చినారు. 2006లో ఈ పద్ధతి నియమాలు ప్రామాణికంగా అచ్చైనాయి.

ఎస్‌ఎస్‌హెచ్‌లో మారింది మూడు సంగతులు. ఒకటి, మాటలన్నీ రహస్య లిపిలో పోతాయి, దారిలో వినేవాడికి అర్థం కాదు. రెండు, దూరపు యంత్రం కూడా తాను ఎవరో నిరూపించుకోవాల. దాని తాళం గుర్తు మన దగ్గర వుంటుంది. గుర్తు మారితే హెచ్చరిక వస్తుంది. మూడు, పాస్‌వర్డ్ లేకుండా తాళాల జత వాడొచ్చు. రహస్య తాళం మన యంత్రం దాటదు. బహిరంగ తాళం మటుకే అక్కడ వుంటుంది. ప్రతిసారీ కొత్తగా ఒక సంతకం పెట్టి నిరూపించుకుంటాం. నిన్నటి సంతకం ఈరోజు చెల్లదు. మన ప్రైవేట్ నెంబరు గుణం ఇక్కడ కనపడింది నాకు.

ఇంకొక చిన్న మార్పు గుమాస్తా కంటికి పెద్దదిగా కనపడింది. పాత ఆర్‌ఎస్‌హెచ్‌లో కమాండ్ అక్కడ సరిగ్గా ముగిసిందా, తప్పిందా అనే అంకె తిరిగొచ్చేది కాదు. బండి పంపినాం, చేరిన కబురు లేదు అన్నట్టు. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఆ అంకె తిరిగొస్తుంది. ఇప్పుడు సీ ప్రోగ్రాం రాసేవాళ్లకు లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్ వంటి లైబ్రరీలు వుండాయి. యంత్రాన్ని కలవడం, దాని గుర్తు సరిచూడడం, మన తాళం చూపించడం, ఒక చానల్ తెరిచి కమాండ్ అడగడం, జవాబు చదవడం, ముగింపు అంకె తీసుకోవడం. ఆరు మెట్లు. రెండో మెట్టును జనం సులభంగా దాటేస్తారు. మన పిల్లోడి ప్రోగ్రాములో కూడా ఆ మెట్టు లేదు.

ఇదంతా ఒక కొమ్మ. ఇంకో కొమ్మ కూడా వుంది. ఏ కమాండైనా నడపనిచ్చే అధికారం ఇవ్వకుండా, ఫలానా పనులు మటుకే అడగొచ్చు అని హద్దు పెట్టే దారి. రిమోట్ ప్రొసీజర్ కాల్ అంటారు. 1984లో జెరాక్స్ సంస్థలో ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ దీని మీద రాసిన వ్యాసం పేరు పొందింది. రైల్వే రిజర్వేషనులో ఈ గుణం చూడొచ్చు. క్రిస్ సంస్థ తయారు చేసిన కన్సర్ట్ సాఫ్ట్‌వేర్ మొదట 1994లో మన సికింద్రాబాద్‌లో నడిచింది. 1999కి ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, మద్రాసు, సికింద్రాబాద్ అయిదూ కలిసినాయి. కౌంటర్లో కూర్చొన్న గుమాస్తా అరక్కోణం నుంచి హౌరా బండికి టికెట్టు అడగొచ్చు, రద్దు చేయొచ్చు. అంతే. హౌరా యంత్రంలో ఫైళ్లు చెరపమని అడగడానికి అతని తెర మీద చోటే లేదు. పైగా ప్రతి గుమాస్తాకూ సొంత పేరు, సొంత పాస్‌వర్డ్, రోజు ముగిస్తే సొంత లెక్క. పది రూపాయలు తక్కువైతే ఎవరి చేతి నుంచి కట్టాలో తెలిసేది.

ఇప్పుడు మన ఇంటి విషయం.

పోయిన ఏడాది మన ఆడపిల్లల ఇళ్లకు తెలియని పెళ్లి బ్రోకర్లు ఫోన్లు చేసినారు. పిల్లల చదువు, జీతం, నక్షత్రంతో సహా చెప్పినారు. మన రిజిస్టరు బయటికి పోయిందని అందరికీ అర్థమైంది. అప్పుడు రిజిస్టరు చూసుకునే తమ్ముణ్ని అందరం అనుమానించినాం. నేను కూడా. ఎదురుగా ఎవరూ అనలేదు, కానీ మీటింగులో ఎవరూ అతని పక్కన కూర్చోలేదు. అతను రావడం మానేసినాడు. పొంగలుకు కూడా రాలేదు.

ఈ చరిత్ర చదివినాక అద్దె కంప్యూటర్లోని పద్దు తీయించి చూసినాను. ఎవరు లోపలికి వచ్చినారు, ఏ రోజు వచ్చినారు అని వుంది. ఆరేళ్ల పద్దులో పేరు ఒక్కటే. అందరం ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ వాడినాం గదా. లెక్కేస్తే ఆ పాస్‌వర్డ్ తెలిసినోళ్లు 11 మంది. బీరువా తెరిచినోళ్లను కలిపితే ఎంతమందో. ఆ పద్దుతో అతను చేసినాడని చెప్పలేం. చేయలేదని అతను నిరూపించుకోలేడు కూడా. ఆ దారి మూసింది నేను అంటించిన చీటీ. నమ్మకం పేరుతో మనం రెండు ప్లస్ గుర్తులు పెట్టుకున్నాం.

నేను పోయిన వారం అతని ఇంటికి పోయినాను. చీటీ సంగతి చెప్పినాను. అతను యేమీ అనలేదు. వాళ్లమ్మ కాఫీ ఇచ్చింది. సంఘానికి వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

వచ్చే కమిటీ మీటింగుకు నేను, ఆ పిల్లోడు కలిసి పెట్టబోయే మాటలు ఇవి. పాత పాస్‌వర్డ్ మార్చేసినాం, చీటీ చించేసినాం. ఇకమీద రిజిస్టరు చూసే ప్రతి మనిషికీ సొంత పేరు, సొంత తాళం వుండాల. పదవి దిగినోళ్ల తాళం అదే రోజు తీసేయాల, అందులో మర్యాద తక్కువ యేమీ లేదు. రాత్రి కాపీ తీసే ప్రోగ్రాముకు వేరే తాళం. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఒక సౌకర్యం వుంది: ఫలానా తాళంతో వచ్చినోడు ఫలానా ఒక్క కమాండే నడపగలడు అని అక్కడి ఫైల్లో రాసి పెట్టొచ్చు. ఆ తాళం ఎవరి చేతిలో పడినా కాపీ తీయడం తప్ప ఇంకో కమాండ్ నడపలేడు. ఆ కాపీలోనూ పిల్లల వివరాలే గదా, కాబట్టి కాపీ వుండే ఆఫీసు కంప్యూటరుకు కూడా తాళం వుండాల. పద్దును నెలకొకసారి కమిటీలో ఇద్దరు చదివి సంతకం పెట్టాల.

పిల్లోడు ప్రోగ్రాం తిరగరాస్తున్నాడు. దూరపు యంత్రం గుర్తు సరిచూసే మెట్టు కూడా చేర్చినాడు. ఐదో వరసలో ఇప్పుడు పాస్‌వర్డ్ లేదు.

పెద్దలు కొంతమంది "ఇన్ని తాళాలు యెందుకు, మనం మనం ఒకటే గదా" అంటారని తెలుసు. ఇరవై ఏళ్లు గొంతు తెలిసిన స్టేషను మాస్టర్లు కూడా నెంబరు అడుగుతారు. అడిగించుకున్నోడు కోపం తెచ్చుకోడు, ఎందుకంటే ఆ నెంబరు అతన్ని కూడా కాపాడుతుంది. మీ మాట ఏదైనా సరే కింద రాయండి. ఆ తమ్ముడు కూడా ఇది చదువుతాడని నా ఆశ. తమ్ముడూ, ఆ మీటింగులో నీ పక్క కుర్చీ ఖాళీగా వుంటే నేను ఇంకో వరసలో పోయి కూర్చొన్నాను. అది నా తప్పు.